కోస్టారికా అడవిలో సీమచింత చెట్టు

(స్వర్ణోత్సవ సభలో 1989 బ్యాచ్ పూర్వ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



కమిటీ వారు నన్ను అమెరికాలో విద్యావిధానం గురించి మాట్లాడమన్నారు. ఇరవై రెండేళ్లుగా న్యూజెర్సీలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నాను కాబట్టి అలా అడగడం సహజమే. నిజం చెప్పాలంటే ఆ విధానంలో మనం అరువు తెచ్చుకోదగ్గవి పెద్దగా లేవు. ఒక్కటి మాత్రం ఉంది. వేసవి సెలవుల్లో టీచర్లను అడవికి తీసుకెళ్లి, వాళ్లనే మళ్లీ విద్యార్థులుగా కూర్చోబెట్టే కోర్సులు అక్కడ ఉన్నాయి. నేను వెళ్లిన కోర్సు గురించే చెబుతాను. దానికీ మన స్వర్ణోత్సవ నిధికీ సంబంధం ఉంది. అది చివర్లో.

మేం వెళ్లింది కోస్టారికాకు. మధ్య అమెరికాలో చిన్న దేశం, మన పాత ఉమ్మడి రాష్ట్రంలో ఐదో వంతు కూడా ఉండదు. ఉష్ణమండల అడవుల మీద పరిశోధన కోసం 1963లో కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి అక్కడ ఒక సంస్థ పెట్టుకున్నాయి. 1968లో లా సెల్వా అనే చోట అడవి కొని క్షేత్ర కేంద్రంగా మార్చాయి. ఏడాదికి దాదాపు నాలుగు మీటర్ల వాన. మన అనంతపురంలో ఏడేళ్లకు కురిసేది అక్కడ ఒక్క ఏడాదిలో కురుస్తుంది. బట్టలు ఆరవు, పుస్తకాలకు బూజు పడుతుంది.

మొదటి రోజు ఉపన్యాసం ఉంటుందనుకున్నాం. మాకు పాఠం చెప్పాల్సినావిడ తలా ఒక నోటుబుక్కు ఇచ్చి, "గంటసేపు ఒక్కచోటే కూర్చోండి, పదిహేను ప్రశ్నలు రాయండి, ఏ చెట్టు పేరూ నన్ను అడగొద్దు" అంది. టీచర్లకు ఇది ఎంత కష్టమో ఇక్కడున్న టీచర్లకు తెలుసు. మనకు జవాబులు అలవాటు. ఆరు ప్రశ్నల దగ్గర నా కలం ఆగిపోయింది.

ఆ ప్రశ్నల్లోంచి టేపు, గడియారం, నోటుబుక్కుతో రెండు రోజుల్లో తేల్చగలిగినదాన్ని ఒక్కటి ఎంచుకోవాలి. ముగ్గురం కలిసి ఆకులు కోసే చీమలను పట్టుకున్నాం. ఇవి ఆకు ముక్కలను గొడుగుల్లా నెత్తిన పెట్టుకుని బారులు తీరి పోతాయి. ఆ ఆకులు తిండి కోసం కాదు. భూమిలోని గదుల్లో వాటిని నమిలి, ఆ ముద్ద మీద ఒక రకం బూజును పెంచుతాయి. పిల్లలకు ఆ బూజే తిండి. అంటే సేద్యం చేసే చీమలన్నమాట. మా ప్రశ్న చాలా చిన్నది: బరువు మోసే చీమ ఖాళీ చీమ కంటే నెమ్మదిగా నడుస్తుందా? మీటరు దూరం గుర్తుపెట్టి, మోకాళ్ల మీద కూర్చుని లెక్కపెట్టాం. రెండో రోజు మధ్యాహ్నం వాన మొదలవగానే చీమలు ఆకులు అక్కడే పడేసి పుట్టలోకి పోయాయి. మా లెక్క కూడా అక్కడికి ఆగింది.

రాత్రి అందరి ముందూ ఫలితం చెప్పాలి. "ఎన్ని చీమలను కొలిచారు? పెద్ద చీమలనూ చిన్న చీమలనూ కలిపేశారా? ఎండలో కొలిచినవెన్ని, నీడలో కొలిచినవెన్ని?" అని తోటి టీచర్లే నిలదీశారు. ఆవరణ శాస్త్రం నేను అప్పటికి పన్నెండేళ్లుగా చెబుతున్నాను. అందులో ఒక్క వాక్యం నిజమని ఎలా తెలుస్తుందో నా చేతులతో చూసుకున్నది మాత్రం ఆ రాత్రే.

తర్వాత కొండలు దాటి పడమటి వైపున్న గువానకాస్తే ప్రాంతానికి బస్సులో వెళ్లాం. అక్కడి అడవి వేరు. ఏడాదిలో దాదాపు ఐదు నెలలు వాన ఉండదు, చాలా చెట్లు ఆకులు రాలుస్తాయి. బస్సు దిగగానే నాకు సీమచింత కనిపించింది. ఇంకాస్త ముందుకెళ్తే, మన బడి ఆవరణలో మనం క్రికెట్ ఆడిన నిద్రగన్నేరు, అదే గొడుగు లాంటి కొమ్మలతో. రెండింటికీ పుట్టిల్లు ఆ వైపే. సీమచింత పరదేశిదని మన పెద్దలు పేరులోనే చెప్పి పెట్టారు, మనమే పట్టించుకోలేదు.

అక్కడ ఒక తుమ్మ జాతి చెట్టు ఉంది. దాని ముళ్లు ఎద్దు కొమ్ముల్లా ఉబ్బి ఉంటాయి. ముళ్ల లోపల చీమల కాపురం. చెట్టు వాటికి తేనె, ఆకు కొసల్లో పోషకాల గింజలు ఇస్తుంది. చీమలు చెట్టును తినడానికి వచ్చినవాటిని తరిమికొడతాయి, చుట్టూ మొలిచే తీగలను కొరికేస్తాయి. చీమలను తీసేస్తే చెట్టు నిలవడం కష్టమని డేనియల్ జాన్‌జెన్ 1966లో ప్రయోగాలతో చూపించారు. పశువుల మేతకని అడవి కొట్టి ఆఫ్రికా గడ్డి పెంచిన నేలను తిరిగి అడవిగా మార్చడానికి ఆయన, ఆయన భార్య విన్నీ హాల్‌వాక్స్ దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. ఆ గడ్డి ఏటా ఎండి తగలబడేది. మంటలు ఆపితే చాలా చోట్ల చెట్లు వాటంతటవే తిరిగొచ్చాయి. 1990లలో మూడు హెక్టార్ల బీడులో రసం ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నారింజ తొక్కలు వెయ్యి లారీలు, అంటే 12,000 టన్నులు గుమ్మరించారు. పదహారేళ్ల తర్వాత కొలిస్తే, పక్కనున్న తొక్కలు వేయని నేలతో పోల్చినప్పుడు చెట్ల జీవరాశి 176 శాతం ఎక్కువగా ఉంది.

ఇవన్నీ పుస్తకాల్లో చదువుకోవచ్చు. నన్ను నిలబెట్టేసింది వేరొకటి. చుట్టుపక్కల పల్లె బడుల పిల్లలకు 1980ల నుంచి జీవశాస్త్రం పాఠాలు ఆ అడవిలోనే చెబుతున్నారు. పశువుల కాపరుల పిల్లలు, చిన్న రైతుల పిల్లలు. రేపు నిప్పు పెట్టేదీ ఆపేదీ వాళ్లే కదా!

ఇప్పుడు మన సంగతి. మన బడి మేడ ఎక్కితే నల్లమల నీలంగా కనిపిస్తుంది. ఉష్ణమండల అడవి అంటే అమెజాన్ అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. నల్లమల కూడా ఉష్ణమండల అడవే, గువానకాస్తేకు ఒక రకంగా తోబుట్టువు. తపసి జిగురు ఏ చెట్టుకు వస్తుందో, తునికి ఎప్పుడు చిగురిస్తుందో చెంచులకు తెలుసు. ఆ కొండ వంక చూస్తూ మనకు పాఠం చెప్పిన టీచర్లలో అడవిలో వారం రోజులు గడిపే అవకాశం ఎవరికి దొరికింది? దోషం వాళ్లది కాదు. ఎవరూ పంపలేదు.

స్వర్ణోత్సవ నిధితో ముఖద్వారం కట్టాలని కొందరు, డిజిటల్ బోర్డులు కొనాలని కొందరు అంటున్నారు. ముఖద్వారం మీద పేర్లు చెక్కుతారు కాబట్టి దాని పక్షం బలంగా ఉందని విన్నాను! నేనడిగేది అంతకంటే చిన్నది. ఏటా ఇద్దరు టీచర్లను, సైన్సు వాళ్లే కానక్కర్లేదు, వారం రోజులు నల్లమలకు పంపుదాం. అటవీశాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి. పులుల అభయారణ్యం కాబట్టి లోపలి ప్రాంతాలకు వెళ్లనివ్వరు, అంచులు చాలు. చెట్లు తెలిసిన చెంచు పెద్ద ఒకరు తోడుండాలి, ఆయనకు టీచరుకిచ్చే గౌరవ వేతనమే ఇవ్వాలి. తిరిగొచ్చాక ఆ ఇద్దరూ నిద్రగన్నేరు కింద పిల్లలకు తలా ఒక నోటుబుక్కు ఇచ్చి పదిహేను ప్రశ్నలు రాయించాలి.

మొదటి మూడేళ్ల ఖర్చు మా 1989 బ్యాచ్ భరిస్తుంది. హెడ్మాస్టరు గారితో నిన్న మాట్లాడాను, సెలవు ఇవ్వడానికి అభ్యంతరం లేదన్నారు. వెళ్లాలనుకునే టీచర్లు టీ విరామంలో నాకు పేర్లు ఇవ్వండి. నా రైలు రాత్రి తొమ్మిదింటికి.