ఐసీయూ నుంచి ఇంటికి: కోలుకోవడం కూడా చికిత్సే

(సంగనకల్లులో జరిగిన తెలుగు కుటుంబాల సమావేశంలో నగర పాలికె అనువాదకురాలు చేసిన ప్రసంగ పాఠం)

 

సంగనకల్లు గుట్టల మీద నవీన శిలాయుగపు మనుషులు రాతి గొడ్డళ్ళు తయారుచేసుకున్న చోటు ఉన్నదని మీకు తెలుసు. 1940లలో ఆ స్థలాన్ని తవ్వి పరిశోధించిన బెండపూడి సుబ్బారావుగారు తెలుగువారే. ఈ నేలకు మన రాకపోకలు కొత్తవి కావు. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరిన తరువాత కూడా అవి ఆగలేదు. ఆదోని, గుంతకల్లు, రాయదుర్గం, ఉరవకొండ ప్రాంతాల నుంచి కూలికీ, గనులకూ, తోరణగల్లు ఉక్కు కర్మాగారానికీ వస్తూనే ఉన్నాం. జబ్బు చేసినప్పుడూ ఇక్కడికే వస్తున్నాం. 1961లో ప్రభుత్వ వైద్య కళాశాలగా మొదలై, విమ్స్ అన్న పేరుతో మనందరికీ తెలిసిన ఆసుపత్రి ఆవరణలో కాసేపు నిలబడితే కన్నడంతో పాటు తెలుగూ చెవిన పడుతుంది.

నేను వైద్యురాలిని కాను. ఆరోగ్య పత్రాలను కన్నడం నుంచి, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తేవడం నా వృత్తి. ఆ పని చేస్తుండగా నా దృష్టికి పదే పదే వచ్చిన విషయం ఒకటి ఉన్నది. ఐసీయూలో ప్రాణం దక్కించుకొని ఇంటికి చేరిన మనిషిని ఎలా చూసుకోవాలో చాలా కుటుంబాలకు అర్థమయ్యే మాటల్లో ఎవరూ చెప్పడం లేదు. మందుల చీటీ చేతిలో ఉంటుంది. లేచి నడవడం ఎలా అన్నది మాత్రం అందులో ఉండదు. ఉన్నా, రెండు ఇంగ్లీషు ముక్కల్లో ఉంటుంది. వైద్యశాస్త్రం నిర్ధారించిన సంగతులలో మనకు అవసరమైనవాటిని తెలుగులో మీ ముందుంచడమే నా ఉద్దేశం.

రెండు మాటలు

ఐసీయూను కన్నడంలో ‘తీవ్ర నిగా ఘటక’ అంటారు. ఆ ‘నిగా’, మన ‘నిఘా’ ఒకటే మాట. పారశీకం నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన ‘నిగాహ్’, అంటే చూపు. రోగి మీద నుంచి క్షణం కూడా చూపు తిప్పని చోటు అది. 1952లో కోపెన్‌హాగెన్ నగరంలో పోలియో ప్రబలి రోగులకు ఊపిరి ఆడనప్పుడు, బ్యోర్న్ ఇబ్సెన్ అనే వైద్యుని సూచనతో వైద్య విద్యార్థులు వంతులు వేసుకొని, రాత్రింబగళ్ళు చేత్తో సంచి నొక్కుతూ రోగుల ఊపిరితిత్తులకు గాలి అందించారు. నేటి ఐసీయూలకు మూలం అక్కడ ఉన్నది.

రెండో మాట ‘బిడుగడె’. తెలుగులో విడుదల. ఆసుపత్రి నుంచి విడుదల అనగానే జబ్బు నుంచి కూడా విడుదల అయినట్టే అనుకుంటాం. అక్కడే చిక్కు వస్తున్నది. ఐసీయూలో ఎక్కువ రోజులు ఉన్న మనిషికి కోలుకునే పని ఆనాటితో మొదలవుతుంది.

ఒంటికి ఏమవుతుంది?

తీవ్రమైన ఇన్ఫెక్షన్ సోకినప్పుడు శరీరం తన కండరాలనే కరిగించుకొని వాడుకుంటుంది. దానికి తోడు మత్తుమందు, వెంటిలేటరు, రోజుల తరబడి కదలకుండా పడుకోవడం. లండన్‌లో జరిగి 2013లో వెలువడిన ఒక పరిశోధనలో ఐసీయూ రోగుల తొడ కండరాన్ని స్కానింగుతో కొలిచారు. పది రోజుల్లో దాని పరిమాణం సుమారు 18 శాతం తగ్గింది. ఊపిరి తీయించే కండరమూ వెంటిలేటరు మీద బలహీనపడుతుంది. కీళ్ళు బిగుసుకుంటాయి. మడమ, నడుము దగ్గర పుండ్లు పడవచ్చు. గొంతులో గొట్టం ఉన్నవారికి తరువాత కొంతకాలం మింగడం కష్టం కావచ్చు.

అందుకే నిన్నటిదాకా సిమెంటు బస్తా మోసిన మనిషి నేడు నీళ్ళ గ్లాసు ఎత్తలేకపోతాడు. ఇంట్లోవారు భయపడతారు, రోగి సిగ్గుపడతాడు. ఇది సోమరితనం కాదు, మనసు బలహీనత కాదు. కండరం నిజంగానే తరిగిపోయింది.

కెనడాలోని టొరంటోలో వైద్యులు తీవ్రమైన ఊపిరితిత్తుల వైఫల్యం నుంచి బతికి బయటపడిన 109 మందిని ఏడాదిపాటు గమనించి 2003లో ఫలితాలు ప్రకటించారు. ఏడాది తిరిగేసరికి ఊపిరితిత్తులు చాలావరకు బాగుపడ్డాయి. కానీ ఆరు నిమిషాల్లో నడవగలిగిన దూరం వారి వయసువారు నడవవలసిన దానిలో మూడింట రెండు వంతులే. తిరిగి పనిలో చేరినవారు దాదాపు సగం మంది. చాలామందిని వెనక్కి లాగినది కండరాల నీరసమే. ఐసీయూ తరువాత శరీరంలో, ఆలోచనలో, మనసులో మిగిలే ఇబ్బందులన్నిటినీ కలిపి వైద్యులు 2012 నుంచి ‘పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్’ అని పిలుస్తున్నారు. పేరు గుర్తుండనక్కరలేదు. ఇలాంటి స్థితి ఒకటున్నదని, వైద్యులకు అది తెలిసినదేనని గుర్తుంటే చాలు. 2021 కొవిడ్ రెండో అల తరువాత మన వీధుల్లోనే ఎందరో నెలల తరబడి మెట్లెక్కలేక ఆయాసపడ్డారు. నాడు మనం దానికి పేరు పెట్టలేకపోయాం.

కదలిక ఎప్పుడు, ఎంత?

అమెరికాలో 104 మంది వెంటిలేటరు రోగులపై జరిగిన ప్రయోగం 2009లో ప్రచురితమైంది. రోజూ కాసేపు మత్తుమందు ఆపి, తొలి రోజుల నుంచే కూర్చోబెట్టి, నిలబెట్టి, నడిపించినవారిలో 59 శాతం మంది తమ పనులు తాము చేసుకోగల స్థితిలో ఆసుపత్రి విడిచారు. మామూలు చికిత్స పొందినవారిలో అలా వెళ్ళినవారు 35 శాతమే.

అలాగని ఎంత ఎక్కువ కదిలిస్తే అంత మంచిదని కాదు. 2022లో ఆరు దేశాలలో 750 మందిపై జరిగిన పెద్ద ప్రయోగంలో, మామూలుగా ఇచ్చే వ్యాయామం కన్నా తొందరగా, ఎక్కువగా కదిలించడం వల్ల అదనపు మేలు కనిపించలేదు. గుండె లయ తప్పడం, రక్తపోటు మారడం వంటి ప్రమాదాలు పెరిగాయి. కాబట్టి కదలిక కూడా మందులాంటిదే. మోతాదును వైద్యుడు, ఫిజియోథెరపిస్టు నిర్ణయించాలి. మంచం మీదనే కీళ్ళు ఆడించడం, మంచం అంచున కాళ్ళు వేలాడదీసి కూర్చోవడం, నిలబడడం, కుర్చీకి మారడం, ఆసరాతో నడవడం. ఈ వరుసలో ఒక్కొక్క మెట్టే ఎక్కించాలి.

ఫిజియోథెరపీ అంటే నూనె మర్దన అనీ, కరెంటు పెట్టడం అనీ మనలో చాలామంది అనుకుంటారు. అందులో ముఖ్యమైన పని రోగి చేసేదే. ఫిజియోథెరపిస్టు నేర్పుతారు, పట్టుకుంటారు, లెక్క చూస్తారు.

భాష చేయగల సాయం

ఇక నా వృత్తికి సంబంధించిన మాట. ఐసీయూలో చాలామంది రోగులకు కొన్నాళ్ళు మతి స్థిమితం తప్పుతుంది. లేనివి కనిపిస్తాయి, పగలు రాత్రి తెలియదు. ఆ స్థితిని కనిపెట్టడానికి సిబ్బంది చిన్న చిన్న ప్రశ్నలు వేస్తారు, చెయ్యి పిండమంటారు. ఏళ్ళ తరబడి కన్నడం మాట్లాడిన పెద్దవారు కూడా అటువంటి వేళ తల్లిభాషకు తప్ప పలకకపోవచ్చు. ప్రశ్న అర్థం కాక ఊరుకుంటే స్పృహ లేదనుకునే ప్రమాదం ఉన్నది.

అందుకు మీరు చేయగలిగిన పని చాలా చిన్నది. ఒక కాగితం మీద పది తెలుగు మాటలను కన్నడ లిపిలో రాసి నర్సమ్మకు ఇవ్వండి: కళ్ళు తెరువు, చెయ్యి పిండు, నొప్పి ఉందా, దాహమా, ఊపిరి ఆడుతోందా, కాలు కదుపు, దగ్గు, భయపడకు, ఇది ఆసుపత్రి, మీవాళ్ళు బయటే ఉన్నారు. గొంతులో గొట్టం ఉండి మాట్లాడలేని చదువుకున్నవారికి తెలుగు అక్షరాల అట్ట, చదువు రానివారికి బొమ్మల అట్ట ఇవ్వవచ్చు. లోపలికి అనుమతించినప్పుడు కళ్ళజోడు, చెవి యంత్రం తీసుకువెళ్ళండి. ఇవాళ ఏ వారమో, ఇప్పుడు పగలో రాత్రో, ఇంట్లో ఎవరెలా ఉన్నారో మెల్లగా చెప్పండి.

ఇంటికి వచ్చాక

మన ఇళ్ళలో ప్రేమ రెండు రూపాల్లో అడ్డు వస్తుంది. మొదటిది పత్యం. జబ్బు పడి లేచినవారికి గంజి, చారన్నం పెడతాం. తొలి పూటలకు అది సరే. వారాల తరబడి అదే పెడితే కండరం దేనితో పెరగాలి? పప్పు, ఉలవలు, శనగలు, పెరుగు, తినేవారికి గుడ్డు, చేప, మాంసం అవసరం. కొద్దికొద్దిగా, రోజుకు ఐదారు సార్లు పెట్టవచ్చు. మూత్రపిండాల జబ్బు, మధుమేహం ఉన్నవారు ఎంత తినాలో వైద్యుణ్ణి అడగాలి. నీళ్ళు తాగితే పొలమారుతుంటే వెంటనే చెప్పాలి.

రెండోది సేవ. ‘మీరు కదలకండి నాన్నా, నేను పెడతాను’ అని కొడుకు ముద్ద కలిపి నోటికి అందిస్తాడు. ఆ కొడుకు మనసు బంగారం. కానీ తండ్రి చేతికి పని లేకుండా పోతుంది. గ్లాసు తానే పట్టుకోనివ్వండి, గుండీలు తానే పెట్టుకోనివ్వండి, మీరు పక్కన ఉండండి. భోజనం మంచం మీద కాక కుర్చీలో కూర్చొని చేయాలి. ఫిజియోథెరపిస్టు సరేనన్న తరువాత కుర్చీలో నుంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకొని నడవడం రోజూ కొన్ని సార్లు చేయాలి. నడుస్తూ మాట్లాడగలిగితే ఆ వేగం సరిపోయినట్టే. బళ్ళారి ఎండ సంగతి మీకు చెప్పనక్కరలేదు. నడక తెల్లవారుజామున పెట్టుకోండి. ఒకరోజు బాగుందని రెండింతలు చేస్తే మర్నాడు లేవలేరు. ఎంత నడిచారో క్యాలెండరులో రాసి పెట్టుకుంటే మెరుగు కళ్ళకు కనిపిస్తుంది.

ఛాతీ నొప్పి, మాట పెగలనంత ఆయాసం, కళ్ళు తిరగడం, పెదవులు నీలబడడం వస్తే వ్యాయామం ఆపి 108కి ఫోన్ చేయండి. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుడితే రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. ఆ కాలు మర్దన చేయకుండా అదే రోజు వైద్యునికి చూపించండి.

మనసు సంగతి కూడా చెప్పాలి. పీడకలలు, మతిమరుపు, ఊరకే కన్నీళ్ళు, కోపం ఐసీయూ నుంచి వచ్చినవారిలో తరచుగా కనిపించేవే. గాలి సోకిందనో, మనిషి మారిపోయాడనో అనుకోకండి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ ఉచిత సేవ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. రాత్రింబగళ్ళు మేలుకొని చూసుకునే భార్యకో, కోడలికో కూడా ఆ నంబరు అవసరం కావచ్చు.

జీతం, కార్డు

కూలి మనిషికి కోలుకోవడానికి సమయం దొరకడమే కష్టం. బరువు పనికి తొందరపడి వెళ్ళి మళ్ళీ పడిపోయినవారున్నారు. ఇఎస్ఐ ఉన్న కార్మికులకు, చందా షరతులు తీరితే, అనారోగ్య భృతిగా ఏడాదికి 91 రోజుల వరకు సగటు వేతనంలో 70 శాతం లభిస్తుంది. వైద్య ధ్రువపత్రం తీసుకోవడం మరవకండి. ఆయుష్మాన్ భారత్ కార్డు వేరే రాష్ట్రంలో ఇచ్చినదైనా, పథకంలో చేరిన ఆసుపత్రులలో చెల్లుతుంది. ఆసుపత్రి విడిచిన తరువాత 15 రోజుల ఖర్చులకూ అందులో చోటున్నది. ఇతర రాష్ట్ర పథకాల కార్డులు ఉన్నవారు చేరేనాడే ఆరోగ్యమిత్రను అడిగి చెల్లుతాయో లేదో తెలుసుకోవాలి.

విడుదలయ్యే రోజున ఈ ఐదు ప్రశ్నలు అడగకుండా కదలకండి. ఇంటి దగ్గర ఏ వ్యాయామం, రోజుకు ఎన్నిసార్లు? ఫిజియోథెరపీ విభాగానికి మళ్ళీ ఏ రోజు రావాలి? ఏం తినాలి, ఏది మింగకూడదు? ఏ లక్షణం కనిపిస్తే పరుగున రావాలి? పనికి ఎప్పుడు, ఎంత బరువుతో? జవాబులు కన్నడంలో చెప్పినా అక్కడే తెలుగులో రాసుకోండి. అర్థం కాకపోతే మరోసారి అడగండి. తన ఒంటి గురించి తన భాషలో తెలుసుకోవడం రోగికి ఉన్న హక్కు, మనం ఎవరినో యాచిస్తున్నది కాదు.

ఐసీయూలో ప్రాణం నిలిపిన వైద్యులు, నర్సులు తమ పని చేశారు. మిగిలిన నెలల పని రోగిది, ఇంటివారిది, ఇరుగుపొరుగుది. మీ వీధిలో అలా వచ్చినవారు ఎవరైనా ఉంటే, రేపు ఉదయం వారితో పది అడుగులు నడవండి.