నదీగర్భ స్వామ్యమునకుఁ బడవల సాక్ష్యము

నీరు తీసినపుడు బయలుపడు నేల యెవరిదను తగవు అమెరికా సంయుక్తరాష్ట్రములలోఁ దఱచుగాఁ బడవల సాక్ష్యముచేతనే తీఱును. ఒక రాష్ట్రము ఆ సంయుక్తరాష్ట్రములలోఁ జేరిన దినమునకు జలము నావాయోగ్యమైయుండినచో, గర్భము రాష్ట్రమునకుఁ జెందును. సహజస్థితియందు వాడుక పడవలతో వర్తకమునకు బాటగా నుపయోగపడినదియు, ఉపయోగపడఁగలదియు నావాయోగ్యమని 1870 నాఁటి తీర్పు.

మఱి వర్తకమన నేమి? యూటా రాష్ట్రమునందలి మహాలవణసరస్సు వ్యాజ్యెమున నిదియే చిక్కు. రాష్ట్రము 1896 లోఁ జేరినది. ఆ కాలపు పశుపాలకులు తమ యావులను, గొఱ్ఱెలను తమ పడవలలోనే దీవికిఁ జేర్చుకొనుచుండిరి. అవి కిరాయి పడవలు కావు గనుక సరస్సు వర్తకపు బాట కాదనియు, నీరు తగ్గి బయలుపడిన యొడ్డు భూములు తనవే యనియుఁ గేంద్రప్రభుత్వము వాదించెను. కిరాయి లేనంతమాత్రమున బండి నడచిన త్రోవ త్రోవ కాకపోవునా? 1971 లో అత్యున్నత న్యాయస్థానము ఆ వాదమును త్రోసివైచి, సరస్సు నావాయోగ్యమే యని రాష్ట్రపక్షమునఁ దీర్పు చెప్పెను.

అయితే ఒకచోట నడచిన పడవ నదియంతటికిని సాక్ష్యము కాదు. మొంటానాలో విద్యుత్కంపెనీని నదీగర్భమునకుఁ గౌలు చెల్లింపుమని రాష్ట్రము కోరెను. మిస్సూరీనదిపై గ్రేట్‌ఫాల్సు జలపాతములయొద్ద 1805 లో లూయిస్, క్లార్కులు పడవలను నేలమీఁదుగాఁ దరలింపవలసివచ్చెను. ఆ మేర నావాయోగ్యము కాదనియు, నేఁటి విహారపు పడవలను జూపినమాత్రమునఁ జాలదనియు 2012 లోఁ దీర్పయ్యెను.