సైకిలు దిగిన పిదప పరుగు
(పాఠశాల క్రీడోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



ఈత, సైకిలు, పరుగు – ఈ మూడింటిని వెంటవెంటనే జరుపు పోటీని ట్రయథ్లాన్ అందురు. 1974వ సంవత్సరమున అమెరికాలోని శాన్‌డియాగోలో ఈ పేరుతో పోటీ జరిగెను. 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలయందు దీనికి స్థానము లభించెను. అందు ఈత 1.5, సైకిలు 40, పరుగు 10 కిలోమీటర్లు. ఇది పెద్దల కొలత; పిల్లలకు దూరము చాల తగ్గింపవలయును.

సైకిలు దిగి పరుగెత్తబోవువాని కాళ్లు మొదటి కొన్ని నిమిషములు బరువెక్కి తడబడును. సైకిలుపై దేహభారమును చాలవరకు సీటు మోయును. కాళ్లు ఒకే తీరున తిరుగుచుండును. నేలపై పరుగిడినంతనే ఆ భారము కాళ్లపై బడును. కండరములు వేరొక తీరున పనిచేయవలసి వచ్చును. దీనిని చూచి బిడ్డ బలహీనుడని తలపరాదు.

దీనికి సాధన రెండింటిని జతపరచుటయే. వారమున కొకసారి, బండ్లు తిరుగని మైదానమున, వ్యాయామోపాధ్యాయుని యెదుట కొంతసేపు సైకిలు త్రొక్కి, దిగిన వెంటనే పది నిమిషములకు మించకుండ చిన్న అడుగులతో మెల్లగా పరుగెత్తవలయును. నీరు త్రాగవలయును, ఎండవేళ మానవలయును, నొప్పి కలిగిన ఆపవలయును. అలవాటైనకొలది తడబాటు తగ్గును.

తొలినాడు తూలిన బిడ్డతో “నీవల్ల కాదు” అనకుడని మా మనవి. ఇంట తెలుగు, వీధిలో తమిళము పలుకు మన పిల్లలును తొలుత తడబడుదురు. అందులకై తెలుగు మాన్పింపవలదు. రెండింటిని అభ్యసింపజేయుటయే మన విధి.