వార్డులో తొలి వంతు ఎవరిది?

(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మేము వైద్యులము కాము, వర్తకులము. అయినను ఈ బరంపురమున మన తెలుగువారెవరు ఆసుపత్రిలో చేరినను కబురు వచ్చునది సంఘమునకే. అట్టి సందర్భములలో మాకు తరచుగా వినవచ్చు ఫిర్యాదు ఒక్కటే: "మేము ముందు పిలిచితిమి, నర్సు ప్రక్క మంచము వారి యొద్దకు పోయినది." ఈ ఫిర్యాదులో న్యాయమెంత, దీని వెనుక మనవారికి నిజముగా రాగల అపాయమేది అను రెండు సంగతులను విచారించుటయే నేటి ప్రసంగోద్దేశము.

అంగడిలో ముందు వచ్చినవానికి ముందు తూచి యిచ్చుట ధర్మము. వార్డులో ఆ ధర్మము చెల్లదు. ఎవరి ప్రాణము ఆలస్యమును ఓర్వలేదో, అచ్చట తొలి వంతు వారిదే. ఈ సూత్రము కొత్తది కాదు. నెపోలియను సైన్యమున శస్త్రవైద్యుడై యుండిన లారే యను ఫ్రెంచివాడు, క్షతగాత్రులలో సేనాని యెవడు, సిపాయి యెవడు అని చూడక, గాయపు తీవ్రతనుబట్టియే చికిత్సకు వరుస నేర్పరచెను. నేటి ఆసుపత్రులు అనుసరించు మార్గమును అదియే.

ఆ వరుస యెట్టిదో చెప్పెదము. మొదటిది శ్వాసమార్గము, అనగా కఫమో, వాంతియో, రక్తమో గొంతున అడ్డుపడలేదు గదా అని చూచుట. రెండవది శ్వాస. మూడవది రక్తప్రసరణము; ఇందులో నాడి, రక్తపుపోటు, రక్తస్రావము చేరును. నాలుగవది స్పృహ. ఇవి కుదుటబడిన పిమ్మటనే తక్కినవి. నొప్పి స్వల్ప విషయమని దీని భావము కాదు. నొప్పిని కొంతసేపు ఓర్వవచ్చును. ఊపిరి ఆగినవానికి ఉన్న గడువు కొద్ది నిమిషములే.

ఒక ఉదాహరణము తీసికొందము. వార్డులో నాలుగు మంచములు ఉన్నవనుకొనుడు. మొదటి మంచముపై కాలు విరిగి కట్టు కట్టించుకొన్న యువకుడు నొప్పితో కేకలు వేయుచున్నాడు. రెండవ దానిపై పొట్టకు ఆపరేషను జరిగిన వృద్ధురాలు నోరు మెదపక పడుకొని, నిమిషమునకు 28 మారులు ఊపిరి తీయుచున్నది. మూడవ దానిపై మధుమేహరోగి ఇన్సులిను సూది పొంది భోజనము చేయలేదు. చెమటలు పట్టి పొంతన లేని మాటలాడుచున్నాడు. నాలుగవ వారు ఇంటికి పోవుటకు కాగితములు అడుగుచున్నారు.

నేర్పరియైన నర్సు ముందుగా పోవునది కేకలు వేయువాని యొద్దకు కాదు, మాటలాడని వృద్ధురాలి యొద్దకు. ఆమె తలవైపు మంచము ఎత్తి, ఆక్సిజను కొలత చూచి, వైద్యునికి కబురు పంపును. అదే క్షణమున మరియొక నర్సును కేకవేసి, మధుమేహరోగి రక్తములోని చక్కెర చూడుమని చెప్పును. అది 70 మిల్లీగ్రాములకు తగ్గినచో వెంటనే చక్కెర అందవలయును. మింగగలవానికి నోటి ద్వారా, మింగలేనివానికి సూది ద్వారా. పిమ్మట యువకుని కాలివ్రేళ్ళు చల్లబడలేదు గదా అని తడవి చూచి నొప్పికి మందు ఇచ్చును. కాగితములు చివరకు. ఇందులో పక్షపాతమెక్కడ?

ఈ నిర్ణయము ఊహమీద ఆధారపడినది కాదు. లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వారు 2012 లో ప్రకటించి, 2017 లో సవరించిన హెచ్చరిక పట్టిక యొకటి కలదు. పెద్దవారు నిమిషమునకు 12 మొదలు 20 వరకు ఊపిరి తీయుట అందు సహజముగా లెక్కింపబడినది. 25 గాని, అంతకు మించి గాని యున్నచో ఆ ఒక్క అంశమునకే 3 మార్కులు. కొత్తగా మతి తికమకపడినను 3 మార్కులే. అన్ని అంశములు కలిపి 7 చేరినచో అది అత్యవసర స్థితి. ఆపరేషను పిమ్మట లోపల రక్తము పోవుచున్నచో తరచుగా ముందు నాడి వేగము హెచ్చును, పోటు పడిపోవుట తరువాత. 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లకన్న మూత్రము తగ్గుటయు హెచ్చరికయే.

ఇక మనకు సంబంధించిన అపాయమును మనవి చేసెదము. నర్సు వరుస నిర్ణయించునది రెండింటినిబట్టి: తాను కొలిచి చూచినది, రోగి నోట విన్నది. కొలత భాష నెరుగదు. మాట యట్లు కాదు. 1936 ఏప్రిలు 1 వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడిన నాటినుండి మనము ఇచ్చట అల్పసంఖ్యాక భాషీయులము. బజారు ఒడియా మనలో చాలమందికి వచ్చును. రోగము చెప్పు ఒడియా వేరు. ఇంటిపట్టున నుండు వృద్ధ స్త్రీలకును, ఇచ్ఛాపురము వైపునుండి చికిత్సకై వచ్చు బంధువులకును ఆ బజారు ఒడియాయు రాదు.

చిక్కు ఎచ్చట పుట్టునో చూడుడు. "కళ్ళు తిరుగుచున్నవి" అను మాటను మాటకు మాటగా మార్చి చెప్పినచో వినువారు కంటిజబ్బు అనుకొందురు. ఒడియాలో చెప్పవలసినది "ముండ బులాఉఛి" అని. ఆ మొదటి పదము మన చెవికి ఇంపుగా లేకున్నను వారి భాషలో దానికి తల యనియే అర్థము. "ఆయాసము" అనగా మనకు ఊపిరాడకుండుట. సంస్కృతమున ఆ పదమునకు శ్రమ యనియే అర్థము. కావున "ఆయాసము" అని మూలుగు వృద్ధురాలు అలసిపోయినదని వినువారు భావింపవచ్చును. రెండవ వరుసలో నుండవలసిన శ్వాసబాధ చివరి వరుసకు జారిపోవును. "నిశ్వాస నేబాకు కష్ట హేఉఛి" అను ఒక్క వాక్యము వచ్చియున్నచో ఆ ప్రమాదము తప్పును.

కావున మూడు సూచనలు చేయుచున్నాము. ఒకటి: శ్వాసబాధ, గుండెనొప్పి, తలతిరుగుడు, రక్తస్రావము, మూత్రము బిగియుట, మాట తడబడుట అను ఆరింటిని తెలుపు ఒడియా వాక్యములను తెలుగు లిపిలో అచ్చువేయించి ఇంటింటికి పంచవలయును. అచ్చుకు ముందు ఒడియా తెలిసిన నర్సుచే సరిచూపింపవలయును. రెండు: రెండు భాషలు ధారాళముగా వచ్చిన యువకులు, యువతులు వంతులవారీగా పేర్లు నమోదు చేసికొని, కబురు రాగానే రోగి మంచము కడకు పోవలయును. వారి పని మాట చేరవేయుటయే. వైద్యము చెప్పుట కాదు, వంతు మార్పించుట అసలే కాదు. మూడు: మనతో వచ్చు బంధువులు నర్సును పిలుచునప్పుడు "తొందరగా రండి" అని ఊరకొనక, ఏమి మారినదో, ఎప్పుడు మారినదో చెప్పవలయును. మగతగా నున్నవారి నోట ప్రేమకొద్ది కాఫీయో నీళ్ళో పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయగలదు.

మనవారికి తొలి వంతు ఇమ్మని మేము అడుగుట లేదు. న్యాయముగా రావలసిన వంతు భాష తెలియక పోగొట్టుకొనరాదని మాత్రమే మా మనవి. పేర్లు నమోదు చేయు పుస్తకము ఈ సభ ముగియగానే బల్లమీద నుంచబడును. మొదటి పుట ఈ సాయంకాలమే నిండునని ఆశించుచు విరమించుచున్నాము.