నిప్పు దెచ్చినవాని పేర నొక బహుమతి

(సూరతు నగరమున బమ్రోలి తెలుగు కుటుంబముల సభలో చదువబడిన ప్రసంగము)



గ్రీకు పురాణమున ప్రొమీథియస్ అనువాడు దేవలోకమునుండి అగ్నిని దొంగిలించి మానవుల కిచ్చెను. దేవరాజు కోపించి యాతనిని కొండకు గొలుసులతో బంధించెను. గ్రద్ద యొకటి ప్రతిదినము వచ్చి వాని కాలేయమును దినుచుండెను. ఋగ్వేదమున మాతరిశ్వుడును అగ్నిని దెచ్చినవాడే. కాని యాతనికి శిక్ష పడినట్లు కానరాదు. శిక్షపడిన ఆ గ్రీకువాని పేరనే అమెరికా దేశమున నొక సాహిత్య బహుమతి కలదు. వ్యక్తిస్వేచ్ఛను, ప్రభుత్వాధికారమునకు ఉండదగిన హద్దులను వస్తువుగా గొన్న వైజ్ఞానిక కల్పనలకును, అద్భుత కథలకును ఇచ్చెడి బహుమతి యది.

ఎల్. నీల్ స్మిత్ అను నవలాకారుడు దీనిని 1979లో ప్రారంభించెను. తొలి బహుమతి ఎఫ్. పాల్ విల్సన్ నవల 'వీల్స్ వితిన్ వీల్స్'కు దక్కెను. ఇచ్చినది బంగారు నాణెములు. ప్రభుత్వము అచ్చువేయు కాగితపు డబ్బునందు ఆ సిద్ధాంతమువారికి నమ్మకము తక్కువ. బంగారము మాత్రము ఖరీదైన సిద్ధాంతము. బహుమతి కొన్నాళ్లు నిలిచిపోయెను. 1982లో 'లిబర్టేరియన్ ఫ్యూచరిస్ట్ సొసైటీ' అను సంఘ మేర్పడి దానిని పునరుద్ధరించెను. ఆ యేడు గెలిచిన నవల స్థాపకుడైన స్మిత్ వ్రాసినదే! స్వేచ్ఛావాదులును మొగమాటమునకు అతీతులు కారు కాబోలు.

1983 మొదలు పాత గ్రంథములకును వేరుగ గౌరవము చేయుచున్నారు. మొదటి యేట హైన్‌లైన్, అయిన్ రాండ్ నవలలు. మరుసటి యేట, అనగా సరిగా 1984లోనే, జార్జి ఆర్వెల్ వ్రాసిన '1984', దానితో రే బ్రాడ్‌బరీ 'ఫారెన్‌హీట్ 451'. 1993లో అర్సులా లెగ్విన్ 'ది డిస్‌పొసెస్డ్'. ఆమె కథలోని లోకమున ప్రభుత్వమును లేదు, సొంత ఆస్తియు లేదు. ఆర్వెల్ సోషలిస్టు. తమ మతము కానివారికిని పీట వేయుటయే ఈ సంఘము చేసిన మంచిపని.

ఈ పట్టిక చూచిన ప్రభుత్వోద్యోగి కొంత నొచ్చుకొనవచ్చును. ఇందు అనేక కథలలో ప్రతినాయకుడు ప్రభుత్వమే గదా! అయితే కథానాయకు లెవ్వరు? '1984'లోని విన్‌స్టన్ స్మిత్ సర్కారు రికార్డుశాఖలో గుమాస్తా. పాత పత్రికలను నేటి ఆజ్ఞకు సరిపడునట్లు తిరుగవ్రాయుట వాని కొలువు. ఆ పని ఎంత సులభమో, ఎంత భయంకరమో ఫైళ్ల నడుమ బ్రతుకువారికి చెప్పనక్కరలేదు. బ్రాడ్‌బరీ నాయకుడు మోంటాగ్ అగ్నిమాపక దళమువాడు; ఆ రాజ్యమున ఆ దళము పని పుస్తకములను గాల్చుట. 1994లో గౌరవము పొందిన జమ్యాతిన్ నవల 'వుయ్'లో నాయకునికి పేరే లేదు, డి-503 అను అంకె మాత్ర ముండును. అతడును రాజ్యపు ఇంజనీరే.

2003లో గెలిచిన టెర్రీ ప్రాచెట్ నవల 'నైట్ వాచ్' ఇంకను ముచ్చటయైనది. పోలీసు అధికారి వైమ్స్ గతకాలమునకు పోయి, చిత్రహింసలకు పేరుపడిన రహస్య పోలీసుల నెదుర్కొనును. ఖైదీలను వారికి అప్పగింపవలసివచ్చినపుడు అతడు కత్తి దూయడు, ఉపన్యసింపడు. ఒక్కొక్క మనిషికి సంతకముతో రసీదు ఇమ్మనును. వా రీయరు. అతడు ఖైదీలను బండిలోనే వెనుకకు దీసికొనిపోవును. గుమాస్తాపని మనిషి ప్రాణమును గాచిన ఘట్టము సాహిత్యమున అరుదు.

రచయితలును కొలువు నెరిగినవారే. ఆర్వెల్ 1903లో బీహారునందలి మోతీహారిలో పుట్టెను. తండ్రి నల్లమందు శాఖలో ప్రభుత్వోద్యోగి. తానును 1922 నుండి 1927 వరకు బర్మాలో పోలీసు కొలువు చేసెను. జమ్యాతిన్ ఓడల ఇంజనీరు. అతని నవల 1924లో ఆంగ్లమున వెలువడినను స్వదేశమున 1988 వరకు అచ్చుకాలేదు. ఈ సూరతు కవి నర్మదుడు 1858లో ఉపాధ్యాయ పదవి వదలి, ఇక కలము మీదనే బ్రతికెదనని ప్రతిన బూనెను. ఇరువది నాలుగేండ్లు నిలిచి, 1882లో అప్పుల బాధచేత కొలువున చేరెను. ఆ ప్రతిన భంగమైనదని నవ్వువాడు నెల మొదటి తేదీన జీతమందుకొను సుఖ మెరుగనివాడు.

తెలుగున ఇట్టి వస్తువునకు ప్రత్యేకమైన బహుమతి లేకున్నను కథకు కొరతలేదు. విశ్వనాథ సత్యనారాయణ 'హాహా హూహూ'లో గుఱ్ఱపుతల గల గంధర్వుడు లండను ట్రఫాల్గర్ కూడలిలో పడును. ఆ నగరమువారు వానిని బోనులో నుంచి, ఇది మృగమా, మనుష్యుడా యని తర్కింతురు. పరప్రభుత్వమున బ్రతికిన రచయిత పాలకుల రాజధాని నడుమనే ఆ బోను పెట్టెను. 2018లో వెల్చేరు నారాయణరావు ఆంగ్లానువాదము పెంగ్విన్‌వారి ద్వారా వెలువడినది గనుక ఇచటి గుజరాతీ మిత్రులకును చదువ నీయవచ్చును. పిల్లలకు మాత్రము తెలుగుననే చదివి వినిపింపవలెను. ఆ హాస్యము అందే యున్నది.