నల్ల కారుకి ఎన్ని ‘కోట్లు’ కావాలి? వ్యాక్స్, సీలెంట్ ఏది ముందు, ఏది తర్వాత

ఈ రోజు ఎపిసోడ్ నల్ల కారు ఉన్నవాళ్ళ కోసం. నలుపే కాదు, ముదురు నీలం, ముదురు ఎరుపు, ముదురు బూడిద రంగు, వీటన్నిటి కష్టం ఒకటే. షోరూమ్‌లో చూసినప్పుడు అద్దంలా ఉంటుంది. ఆరు నెలలు తిరిగాక ఎండలో నిలబెట్టి చూస్తే ఒళ్ళంతా సాలెగూడు అల్లినట్టు గీతలు. అప్పుడు మనం ఏం చేస్తాం? ఒక వ్యాక్స్ డబ్బా కొంటాం. మెరుపు చాలకపోతే ఇంకో కోటు. దాని మీద సీలెంట్. దాని మీద మళ్ళీ వ్యాక్స్. ఎన్ని కోట్లు వేస్తే అంత మెరుపు అనుకుంటాం. కోట్లంటే డబ్బు కాదండోయ్, పూతలు! కానీ చివరికి పోయేది డబ్బే. ఎలా తెలుసంటారా, నాది పోయింది కాబట్టి.

నా కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్న నల్ల సెడాన్. మా చెల్లి పెళ్ళికి పెళ్ళికూతురు కారు అదే అని ఇంట్లో ఫిక్స్ చేశారు. నేను రెండు రోజుల ముందు కూర్చుని ఒకే మధ్యాహ్నంలో మూడు పూతలు వేసేశాను. ముందు వ్యాక్స్, దాని మీద సీలెంట్, పైన మళ్ళీ వ్యాక్స్. పార్కింగ్ నీడలో చూస్తే అద్దమే. నాన్న కూడా చూసి, "పర్లేదురా, కొత్తదానిలా చేశావ్" అన్నారు. రాత్రి ఫంక్షన్ హాల్ ముందు కారు ఆపాం. వీడియో వాళ్ళు ఫోకస్ లైటు వేశారు. అంతే! బానెట్ నిండా గుండ్రంగా గీతలు. డోర్ల మీద సరిగా తుడవని మైనం తెల్లగా చారలు చారలుగా. పూలదండలు కట్టినా దాగలేదు. ఆల్బమ్‌లో ఇప్పటికీ ఉన్నాయి. చెల్లి ఆ ఫొటో చూసినప్పుడల్లా "అన్నయ్య వేసిన ముగ్గు" అని నవ్వుతుంది. నేనూ నవ్వుతాను గానీ లోపల గుచ్చుకుంటుంది.

పైన పటారం, లోన లొటారం అంటారు చూశారా, నేను చేసింది అచ్చంగా అదే. కింద ఉన్నది బాగుచేయకుండా పైన పూశాను. ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పాలనుకున్నది కూడా ఇదొక్కటే. ముదురు రంగు కారు మీద పూత దేన్నీ దాచదు. కింద ఏముందో దాన్నే చూపిస్తుంది.

ముందు ఒక చిన్న పని చేయండి. రాత్రిపూట కారు దగ్గరికి వెళ్ళి ఫోన్ టార్చ్ వేసి బానెట్ మీద పట్టండి. ఆ లైటు చుట్టూ గుండ్రంగా సన్నటి గీతలు కనిపిస్తాయి. ఫోన్ జరిపితే ఆ గుండ్రం కూడా దాంతోపాటే జరుగుతుంది. నిజానికి అక్కడ గుండ్రటి గీతలు ఉండాల్సిన పని లేదు. అన్ని దిక్కులకీ పడిన గీతల్లో, లైటుకి అడ్డంగా ఉన్నవే వెలుగుని మన కంటి వైపు కొడతాయి. అందుకే చక్రంలా కనిపిస్తుంది. వీటినే స్విర్ల్ మార్క్స్ అంటారు.

మరి పక్కింటి తెల్ల కారు మీద ఎందుకు కనిపించవు? దాని మీదా ఉంటాయండీ. తెల్ల రంగు నుంచి ఎలాగూ బోలెడు వెలుగు తిరిగి వస్తుంది, గీత నుంచి వచ్చే వెలుగు అందులో కలిసిపోతుంది. నలుపు తన మీద పడ్డ వెలుగుని దాదాపు మింగేస్తుంది. ఆ చీకట్లో గీత ఒక్కటే మెరుస్తుంది. నల్ల చీర మీద తెల్ల దారం పడ్డట్టు అన్నమాట.

ఇప్పుడు మందం లెక్క చూద్దాం. కారు రేకు మీద మొత్తం పెయింట్ సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల దాకా ఉంటుంది. అందులో పైన ఉండే పారదర్శకమైన పొర, అంటే క్లియర్ కోట్, సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. అంటే మెరుపంతా వెంట్రుక కంటే పల్చటి పొరలో ఉంది. మరి మనం రాసే వ్యాక్స్, సీలెంట్? తుడిచేశాక మిగిలేది ఒక్క మైక్రాన్ కూడా ఉండదు. ఆ పల్చటి పొర గీతని పూడుస్తుందా? రెండు రోజులు పూడ్చినట్టు కనిపిస్తుంది. ఎండ తగిలి, రెండుసార్లు కడిగాక గీత మళ్ళీ హాజరు.

సరే, ఈ రెండిటికీ తేడా ఏంటి? మంచి వ్యాక్స్‌లో ముఖ్యమైనది కార్నౌబా మైనం. ఇది బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల మీద వస్తుంది. ఎండలో నీరు ఆవిరైపోకుండా ఆ చెట్టు తన ఆకుకి తనే పూసుకునే పూత అది. ఉత్త కార్నౌబా రాయిలా గట్టిగా ఉంటుంది, 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు. అందుకే రాయడానికి వీలుగా నూనెలు, సాల్వెంట్లు, వేరే మైనాలు కలుపుతారు. నలుపుకి ఇది నిగనిగలాడే లోతైన మెరుపు ఇస్తుంది. కానీ మన ఎండలకి ఒకటి రెండు నెలలకంటే నిలవదు. సీలెంట్ అంటే ఫ్యాక్టరీలో తయారైన పాలిమర్. మెరుపు కొంచెం అద్దం మెరుపులా, పొడిగా ఉంటుంది. మంచిదైతే నాలుగు నెలలు, ఆపైన కూడా ఉంటుంది.

అందుకే వరుస ఇది: కింద సీలెంట్, పైన వ్యాక్స్. సీలెంట్ శుభ్రమైన పెయింట్‌ని పట్టుకోవాలి. ముందు వ్యాక్స్ రాస్తే అది జిడ్డు. జిడ్డు గోడ మీద సున్నం కొడితే నిలుస్తుందా? సీలెంట్ కూడా పెయింట్‌ని వదిలేసి వ్యాక్స్‌ని పట్టుకుంటుంది, వ్యాక్స్ పోయిన రోజు అదీ పోతుంది. నేను పెళ్ళికి చేసిన మొదటి తప్పు ఇదే.

రెండో తప్పు, ఆగకపోవడం. సీలెంట్ ఆరడం వేరు, గట్టిపడి కుదురుకోవడం వేరు. తుడవడానికి 20, 30 నిమిషాల్లో రెడీ అవుతుంది. పూర్తిగా కుదురుకోవడానికి చాలా రకాలకి 12 నుంచి 24 గంటలు కావాలి. మీ డబ్బా మీద ఎంత రాసి ఉందో చదవండి. అది కుదురుకోకముందే పైన వ్యాక్స్ రాస్తే, అందులోని సాల్వెంట్ కింద పొరని కరిగిస్తుంది. గుడ్డతో తుడిచినప్పుడు రెండూ కలిసి గుడ్డలోకి వచ్చేస్తాయి.

మరి పది పూతలు వేస్తే పది రెట్లు మందం అవుతుందా? అవ్వదు. రెండో పూత పనికొస్తుంది, ఎందుకంటే మొదటిసారి మీ చెయ్యి తప్పిన చోట్లు అప్పుడు కవర్ అవుతాయి. ఆ తర్వాత వేసేదాంట్లో చాలా వరకు తుడుపులోనే పోతుంది. కాబట్టి సీలెంట్ రెండు, పైన వ్యాక్స్ ఒకటి. అక్కడితో ఆపండి.

ఇక పని ఎలా చేయాలో చెప్తాను. కారు బాగా కడిగి ఆరబెట్టండి. చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని పెయింట్ మీద మెల్లగా జరపండి. గరగరలాడితే కంటికి కనపడని మురికి దిగబడి ఉందని అర్థం. దాన్ని క్లే బార్‌తో, సబ్బునీళ్ళు బాగా పోస్తూ తీయాలి. క్లే వల్ల కూడా నలుపు మీద సన్నటి గీతలు పడొచ్చు, అందుకే పాలిష్ దాని తర్వాతే. గీతల్ని నిజంగా తగ్గించేది పాలిష్ ఒక్కటే. అది క్లియర్ కోట్‌ని ఒకటి, రెండు మైక్రాన్లు అరగదీసి సమం చేస్తుంది. అరిగింది మళ్ళీ పెరగదు, కాబట్టి ప్రతి పండక్కీ చేయించేది కాదు ఇది. గోరుకి తగిలేంత లోతు గీతని అలా వదిలేయడమే మేలు. పాలిష్ అయ్యాక దాని జిడ్డు తీసేయాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్ళలో బాగా పల్చన చేసి గుడ్డతో తుడిస్తే చాలు. ఇది మానేస్తే ఆ జిడ్డు మీదే సీలెంట్ కూర్చుంటుంది.

సీలెంట్ రాసేటప్పుడు నీడ కావాలి. అరచేయి వెనక వైపు బానెట్ మీద పెడితే చల్లగా తగలాలి. మన దగ్గర అంటే పొద్దున ఆరున్నర, ఏడు అన్నమాట. ఒక డోర్‌కి శనగగింజంత బొట్లు మూడు, నాలుగు చాలు. ఎక్కువ రాస్తే ఎక్కువ మెరవదు, నా కారులా చారలు పడుతుంది. ఆరిందో లేదో తెలియాలంటే వేలితో ఒక గీత గీయండి. కింద పెయింట్ శుభ్రంగా కనిపిస్తే తుడవండి, మసకగా ఉంటే ఇంకాస్త ఆగండి. ఒక గుడ్డతో తుడిచి, ఇంకో శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో ఫైనల్ చేయండి. సెరామిక్ కోటింగ్ ఉన్న కారుకి మాత్రం ఈ వరుస వద్దు. దాని మీద వ్యాక్స్ రాస్తే సెరామిక్ గుణం పోయి వ్యాక్స్ గుణమే కనిపిస్తుంది.

ఇంకో మాట. వ్యాక్స్ వేశాక నీటి చుక్కలు ముత్యాల్లా నిలబడతాయి. మనం వెంటనే రీల్ తీస్తాం. కానీ మీది బోరు నీళ్ళయితే ఆ ముత్యమే శత్రువు. నల్ల బానెట్ ఎండకి కాలిపోతూ ఉంటుంది, చుక్క నిమిషంలో ఆరిపోయి కాల్షియం మరక మిగులుతుంది. ముందు రీల్ పక్కన పెట్టి తుడవండి. పిట్ట రెట్ట కూడా అంతే. పూత ఉంటే అది ముందు పూతని తింటుంది, పెయింట్ దాకా వచ్చేలోపు మీకు కాస్త టైమ్ దొరుకుతుంది. కాస్తే, రోజులు కాదు.

చివరిగా అసలు విషయం. నా కారు మీద గీతలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసా? మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన పొద్దున్నే కార్లన్నీ తుడుస్తారు. ఒక బకెట్, ఒక గుడ్డ, పాతిక కార్లు. దుమ్ము మీద గుడ్డ లాగితే అది ఇసుక కాగితమే. నేను మొదట ఆయన మీదే కోప్పడ్డాను. తర్వాత సిగ్గేసింది. నెలకి ఐదొందలు ఇచ్చి "రోజూ తళతళలాడాలి" అన్నది నేనే కదా. ఇప్పుడు ఆయనకి నేనే రెండు బకెట్లు, నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు కొనిచ్చాను. "బాబాయ్, రోజూ వద్దు. వారానికి రెండుసార్లు నీళ్ళు పోసి, షాంపూతో కడగండి, పొడి గుడ్డ మాత్రం తగిలించకండి" అన్నాను. డబ్బులు తగ్గించలేదు. నేను కొన్న ఏ వ్యాక్స్ డబ్బా కంటే ఇదే ఎక్కువ పనిచేసింది.

మొన్న చెల్లి సీమంతానికి మళ్ళీ అదే కారు. సీలెంట్ రెండు పూతలు, ఒక రోజు ఆగి వ్యాక్స్ ఒకటి. రాత్రి వీడియో వాళ్ళు లైటు వేశారు. ఈసారి బానెట్ మీద లైటే కనిపించింది. ఎడమ డోర్ మీద ఒక లోతు గీత ఉంది, అది ఉంటుంది. చెల్లి కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ముగ్గు ఏదన్నయ్యా?" అంది.

సరే ఫ్రెండ్స్, ఈ రాత్రి ఫోన్ టార్చ్ టెస్ట్ మాత్రం మర్చిపోకండి. డబ్బా కొనేముందు అది చేయండి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.