శాలిహుండము కొండమీదినుండి



కొండ యెక్కుట మన ప్రాంతమువారికి క్రొత్త గాదు. సింహాచలపు మెట్లు మోకాళ్ళు పట్టుకొని యెక్కినవారును, శివరాత్రినాడు మహేంద్రగిరికి కాలినడకను పోయినవారును మీలో ననేకు లుందురు. కాని కేవలము చూచుటకై కొండ యెక్కుమన్నచో మన పెద్దవారికి కొంచెము సిగ్గుగ నుండును. మ్రొక్కు లేదు, తలనీలములు లేవు, ప్రసాదము లేదు. ఎందులకు పోయితివని యింటిలో నడిగినచో చెప్పుటకు మాట తోచదు. పట్టణవాసుల కీ సిగ్గు లేదు. విశాఖపట్టణపు టంచున సముద్రమున కెదురుగ నున్న కైలాసగిరికి జనులు నిత్యమును పోయి, చెట్లనీడను కూర్చుండి, ఊరిని సముద్రమును చూచి వత్తురు. ఎక్కలేనివారికి తీగెమీద నడచు పెట్టెబండి కూడ నున్నది. దానిని నేను నిందింపను. ఇరుకువీధులలో నుండువానికి గాలి తగులు చోటొకటి కావలయును.

శ్రీకాకుళమువారి కట్టి కొండ శాలిహుండము. పట్టణమునకు సుమారు 18 కిలోమీటరుల దూరమున, గార మండలమున, వంశధారకు దక్షిణపు టొడ్డున నున్నది. అచ్చటినుండి తూర్పుగ సుమారు 5 కిలోమీటరులు పోయినచో కళింగపట్టణమును, నది సముద్రమున గలియు చోటును వచ్చును. కొండ గొప్ప యెత్తు గలది కాదు. అరువది దాటిన నాబోటివాడు నడుమ రెండుచోట్ల నిలిచి యెక్కగలడు. క్రింద చెట్లును పొదలును. పైకి పోయినకొలది ఎఱ్ఱని యిటుకకట్టడములు కానవచ్చును. అవి స్తూపముల పీఠములు, చైత్యగృహములు, భిక్షువులు నివసించిన విహారముల గోడల మొదళ్ళు. సుమారు క్రీస్తునకు పూర్వము 2వ శతాబ్దము మొదలుకొని వేయేండ్లకు పైగా నచ్చట బౌద్ధులు వసించిరని పరిశోధకులు చెప్పుదురు. తారాదేవి, మారీచి మొదలగు మూర్తులు కూడ నచ్చట దొరకినవి. కొండ యిప్పుడు కేంద్రప్రభుత్వపు పురావస్తుశాఖవారి రక్షణలో నున్నది.

నేను బడిపిల్లలను కొందఱ నచ్చటికి దీసికొనిపోవ దలచినప్పుడు మా గ్రామపెద్ద యొకరు నన్నిట్లడిగిరి: "పంతులుగారూ, అది బౌద్ధుల కొండ గదా. మనకక్కడ దేవుడు లేడు, తీర్థము లేదు. ఆ మొండిగోడలతో మన పిల్లలకేమి పని?" అడిగినవారు అల్పులు గారు, పురాణశ్రవణము చేసినవారు, న్యాయము తెలిసినవారు. బుద్ధుని దశావతారములలో జేర్చుకొంటిమి గదా యని నేను సులభముగ తప్పించుకొనవచ్చును. కాని వారడిగినది బుద్ధుని గుఱించి కాదు. ఆ కొండ మనదా, పరులదా యని. దీనికి సమాధానము గ్రంథములలో వెదకుటకంటె కొండమీద నిలిచి వెదకుట మేలని నా యభిప్రాయము.

పైన నిలిచి చూడుడు. ఉత్తరమున వంశధార. ఒడిస్సా కొండలలో బుట్టి, శ్రీముఖలింగేశ్వరుని సన్నిధిని దాటి వచ్చిన నది యిచ్చట వెడల్పై, ఇసుకతిన్నెల నడుమ తొందర లేక పోవుచుండును. తూర్పున ఆకాశమును భూమియు గలియుచోట నీలపుగీత, అది సముద్రము. ప్రొద్దుట మంచు విడిన వెనుక నది స్పష్టముగ గనబడును. పడమటి దిక్కున దూరమున కొండలవరుస. ఇవన్నియు చుట్టును నుండగా నడుమ నున్నదంతయు వరిచేలు, తాళ్ళు, పల్లెలు.

ఇప్పుడు కొండపేరు విచారింతము. శాలిహుండమనుటకు పెద్దలు రెండు వ్యుత్పత్తులు చెప్పుచున్నారు. శాలివాటిక యనునది యొకటి. శాలి యనగా వరి, వరిధాన్యము నిలువచేయు చోటని భావము. శల్యపేటిక యనునది రెండవది. శల్యమనగా ఎముక, చిక్కి శల్యమైనాడని మనము నిత్యమును అనుచునే యుందుము. మహాత్ముల యస్థిధాతువులను పేటికలలో నుంచి, వానిపై స్తూపములు గట్టుట బౌద్ధుల యాచారము గనుక నా పేరు వచ్చెనందురు. వ్యాకరణమార్గమున జూచితిమేని ఈ రెండు పదములలో నేదియు శాలిహుండమగుట సులభము గాదు. వర్ణము లంత దూరము నడచుటకు సూత్రము నాకు గనబడలేదు. కాని పైన నిలిచినవాని కన్నులకు రెండును నిజమే. కాలిక్రింద ధాతువుల నుంచిన స్తూపములు. కన్నుల యెదుట వరి. ఒకటి లేక రెండవది యచ్చట నుండియుండదు.

ఎట్లనగా, బౌద్ధభిక్షువు దున్నరాదు, వండుకొనరాదు. ప్రొద్దుట పాత్ర పట్టుకొని యూరిలోనికి పోయి, ఇంటింట బెట్టిన యన్నమును గ్రహించి, మధ్యాహ్నము గాకమునుపే భుజింపవలయును. ఇది తొలినాటి నియమము. కనుక వారి నివాసము ఊరికి మిక్కిలి దూరమైనచో మధ్యాహ్నములోపల పోయిరాజాలరు. మిక్కిలి దగ్గరయైనచో సందడివలన ధ్యానము సాగదు. బింబిసారమహారాజు రాజగృహమున వేణువనమును దానము చేయునప్పుడు, నగరమునకు మిక్కిలి దూరము గాక మిక్కిలి చేరువ గాక యుండు తావునే వెదకెనని బౌద్ధగ్రంథములు చెప్పుచున్నవి. మఱియు వానకాలమున మూడునెలలు వారు సంచరింపక యొక్కచోట నుండవలయును. వంశధారకు వరద వచ్చినప్పుడు ఆ యొడ్డున కాలు తడియక యుండు చోటు కొండగాక మఱేమున్నది? విశాఖకు జేరువను తొట్లకొండ, బావికొండ, విజయనగరమునకు జేరువను రామతీర్థము చెంత గురుభక్తులకొండ — ఇవియు నట్టి తావులే. ఊరి యంచున కొండయెక్కి కూర్చుండుట కైలాసగిరికి బోవు నేటివారు కనిపెట్టిన వేడుక కాదు.

ఇక ఆ పాత్రలో నన్నము బెట్టిన దెవరు? క్రిందనున్న చేలలో వరి పండించినవారు. పేరులు మాఱి యుండవచ్చును, దేవతలు మాఱి యుండవచ్చును. ఆ చేలును, ఆ వరియు మాఱలేదు. తరతరములుగ మన పల్లెలయిల్లాండ్రు పిడికెడు పిడికెడుగ బెట్టిన యన్నముతో నిలిచిన కొండను పరులదనుట నాకు సమ్మతము గాదు. ఆ పెద్దమనుష్యునితో నిదే చెప్పితిని. ఆయన యప్పటికి బదులు చెప్పలేదు. కాని తన మనుమనిగూడ మాతో బంపెను.

సముద్రపు గీతను గుఱించి యొకమాట. వెనుకటికాలమున కళింగవర్తకులు ఈ తీరమునుండి తూర్పుదీవులకు నోడలమీద బోయిరి. మలయాదేశమున భారతీయులకు కెలింగ్ అను పేరు కళింగశబ్దమునుండియే వచ్చినది. మా తండ్రులనాట మన పల్లెలవారు రంగమునకు, అనగా బర్మాలోని రంగూనునకు, కూలికి బోయినదియు నీ సముద్రముమీదనే. 1942లో జపానువారు బర్మాను బట్టుకొన్నప్పుడు అడవులవెంట కాలినడకను తిరిగివచ్చినవారి కథలు మీ యిండ్లలోను వినియుందురు. కొండమీద నిలిచిన బాలునకు ఇవన్నియు నొక్కచూపున జెప్పవచ్చును. బడిలో పటము వ్రేలాడదీసి చెప్పినచో నర్ధగంటలో మఱచును.

ఈ కొండను పండితలోకము దృష్టికి 1919లో దెచ్చినవారు గిడుగు వెంకట రామమూర్తిపంతులుగారు. 1863లో ఈ వంశధార తీరముననే, శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలో జన్మించినవారు. శ్రీముఖలింగపు శాసనములను తమంతట తామే చదువ నేర్చుకొనిరి; సవరల భాష నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును వ్రాసిరి. గ్రాంథికమును వదలి వాడుకభాష వ్రాయుమని వారు చేసిన వాదమును నేనంగీకరింపను. అంగీకరింపనని యీ ప్రసంగమే చెప్పుచున్నది. కాని పల్లెవాని మాటను చెవియొగ్గి వినుట వారికి దెలిసినట్లు మఱొకరికి దెలియదు. శాలిహుండమను పేరును వేయేండ్లు కాపాడినది తాళపత్రము గాదు, ఆ యూరివారి నాలుక. పిమ్మట 1950 దశాబ్దమున ఆర్. సుబ్రహ్మణ్యముగారు త్రవ్వకములు సాగించి కొండను జాలవఱకు వెలికి దెచ్చిరి.

పెద్దలైన మీతో జెప్పవలసినది మఱొకటి గలదు. పాడుబడిన దిబ్బలో మంచి యిటుక గనబడినచో నింటిగోడకు దెచ్చుకొనుట మనలో నేరముగ నెంచబడలేదు. అమరావతిలో 18వ శతాబ్దపు చివర మహాస్తూపపు ఱాళ్ళు పోయిన దట్లే. మిగిలినవానిలో గొన్ని నేడు లండనునగరపు ప్రదర్శనశాలలో నున్నవి. శాలిహుండమున గావలివారున్నారు. కాని మన జిల్లాలలో గావలి లేని యిటుకదిబ్బ లింక నున్నవి. వానిచెంత గునపము పట్టినవానిని వారింపగలవారు ఆ యూరిపెద్దలే. కచేరీనుండి వచ్చువాడు రెండుదినములు గడచిన వెనుక వచ్చును.

పోదలచినవారు శ్రీకాకుళమునుండి సింగుపురము మీదుగ బోవచ్చును. ఎండ ముదురకమునుపు ఎక్కుడు. త్రాగునీరు వెంట దీసికొనిపోవుట మేలు. ఇటుకగోడలపై బిల్లలు దుముకకుండ జూడుడు. వానకాలమున నది నిండుగ నుండును గాని మెట్లు జారును. హేమంతమున పండు వరికే శాలియని పేరు గనుక, మార్గశిరమున కోతలు మొదలగు దినములలో బోయినచో మేలు. అప్పటికి కొన్ని చేలు కోసియుందురు, కొన్ని యింకను నిలిచియుండును. కుప్పలు వేయువారి కేకలు పైదాక వినబడును.